గడ్డ వేఱు, నొప్పి వేఱు

ఓరుగల్లు పరిసరముల పల్లెలలో దసరా వెళ్లినది మొదలు సంక్రాంతి దాక పత్తి యేఱుట సాగుచుండును. నడుమునకు ఒడి కట్టుకొని, తెల్లవాఱినది మొదలు ప్రొద్దు క్రుంకువఱకు వంగి లేచుచు, కాయకాయకు చేయి చాచుచు మన స్త్రీలు పత్తి తీయుదురు. ఆ పత్తి ఎనుమాముల మార్కెట్టు చేరును. తూకము, తేమ, ధర మొదలగువానిని గూర్చి పురుషులు నోరార చర్చింతురు. ఆ పత్తి తీసిన చేయి భుజమువద్ద లాగుచున్నదనిగాని, స్నానమాడు వేళ రొమ్మున గడ్డ యొకటి చేతికి తగిలినదనిగాని ఆ యింటి స్త్రీ చెప్పిన మాట మాత్రము ఆ చర్చలలో వినబడదు. ఏలయన ఆమె చెప్పదు. చెప్పినను వినువారు అరుదు.

రొమ్మున గడ్డ యొకటి, వీపుననో భుజముననో కారణము తెలియని నొప్పి యొకటి, ఈ రెండును ఒక్క స్త్రీకి ఒక్క కాలమున కలిగినప్పుడు ఆమె మనస్సు రెంటిని ఒక్క త్రాట ముడివేయును. గడ్డ వేళ్లు తన్ని వీపునకు ప్రాకినదనియు, రాచపుండు ముదిరినదనియు తలచి, కొందఱు నిద్రాహారములు మానుదురు. మఱికొందఱు దీనికి విపరీతముగా ఆలోచింతురు. నొప్పి వీపుననే గదా, గడ్డ నొప్పి పెట్టుట లేదు గదా, కావున గడ్డవలన భయము లేదని ఊరకుందురు. ఈ రెండు తలంపులును తప్పులే. మొదటి తప్పు మనశ్శాంతిని చెఱచును. రెండవది ప్రాణము తీయవచ్చును. గడ్డ యొక ప్రశ్న, నొప్పి మఱియొక ప్రశ్న. దేని జవాబు దానికి వేఱుగా వెదకవలెను. మేము నేడు చెప్పదలచిన దింతియే.

మొదట గడ్డను గూర్చి విచారింతము. రొమ్మున చేతికి తగులు ప్రతి గడ్డయు రాచపుండు కాదు. పదింట ఎనిమిదికి పైగా నిరపాయకరములని వైద్యుల సాధారణ గణన. 15 మొదలు 35 ఏండ్ల వయస్సువారిలో తఱచుగా కనబడునది ఫైబ్రోఅడినోమా యనునది. అది గోలివలె గుండ్రముగా, నున్నగా, రబ్బరువలె గట్టిగా నుండి, వ్రేలితో నొక్కినచో ఇటునటు జారిపోవును. అందుచేతనే ఆంగ్ల వైద్యులు దానికి రొమ్ములోని చిట్టెలుక యని పేరు పెట్టిరి. 35 మొదలు 50 ఏండ్ల నడుమ నీటితిత్తులు పొడచూపును. మఱికొందఱికి రొమ్మంతయు గడ్డలు గడ్డలుగా, త్రాళ్లు పేనినట్లు తగులుచు, నెలసరికి ముందు సలిపి తరువాత సర్దుకొనును. దీనిని రోగమనుటకంటె శరీరధర్మమనుట యుక్తము. దెబ్బ తగిలినచోట క్రొవ్వు గట్టిపడి గడ్డ యగుటయు కలదు. పాలిచ్చు తల్లికి చీము పట్టవచ్చును. ఎఱుపు, జ్వరము, విపరీతమైన నొప్పి దాని గుఱుతులు. ఇట్టి తల్లి జాగు చేయక వైద్యుని చూడవలెను గాని, బిడ్డకు పాలు మాన్పనక్కఱలేదు. మన దేశమున క్షయరోగము సైతము అరుదుగా రొమ్మున గడ్డగానో, మానని పుండుగానో కనిపించును.

ఇందు ఫైబ్రోఅడినోమా పెండ్లి కావలసిన పిల్లలకే తఱచుగా వచ్చుటచేత మన యిండ్లలో దానికి లేని భయంకరత్వము కలుగుచున్నది. పిల్లకు గడ్డ యున్నదని తెలిసినచో సంబంధము చెడునని తల్లి దాచును. కత్తి గాటు పడినచో పదిమందికి తెలియునని తండ్రి వెనుదీయును. ఇది అజ్ఞానమే కాని వేఱు కాదు. ఆ గడ్డ సంసారమునకు అడ్డు కాదు, సంతానమునకు అడ్డు కాదు, సాధారణముగా బిడ్డకు పాలిచ్చుటకును అడ్డు కాదు. చిన్నదై, పరీక్షలో నిరపాయమని తేలినచో దానిని కోయవలసిన పనియే లేదు. అనేకములు పెరుగక నిలిచిపోవును. కొన్ని తమంత తాము కఱగును. పరీక్షింపించి సందేహము తీర్చుకొనిన తల్లి పిల్లకు మేలు చేసినది. దాచిన తల్లి, గడ్డకంటె పెద్ద బరువును ఆ పిల్ల గుండెపై నుంచినది.

నొప్పి లేని గడ్డ మంచిదను నమ్మకము మన ప్రజలలో బలముగా పాతుకొని యున్నది. ఇది కేవలము అపాయకరమైన నమ్మకము. రాచపుండు తొలిదశలో పెక్కుమాఱులు నొప్పియే యుండదు. ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు తన సంహితలో నిదానస్థానమున గ్రంథిని, అర్బుదమును వేర్వేఱుగా వర్ణించి, అర్బుదము కదలక స్థిరముగా నుండుననియు, లోతైన మూలము గలదనియు, మెల్లగా పెరిగి చీము పట్టదనియు, దాని నొప్పి స్వల్పమనియు చెప్పెను. ప్రాచీనులు చెప్పినదంతయు నేటి శాస్త్రమునకు సరిపోవునని మా వాదము కాదు. కన్యలకు స్తనరోగములు కలుగవని ఆ గ్రంథముననే కలదు. నేటి అనుభవము దానికి విరుద్ధము. అయినను నొప్పి తక్కువయైనంత మాత్రమున అపాయము తక్కువ కాదను సత్యమును వేల యేండ్ల క్రిందటనే కనిపెట్టిన జాతివారము మనము, నేడు దానినే మఱచుట శోచనీయము.

ఇక నొప్పి సంగతి. రొమ్ము నొప్పి మాత్రమే యుండి, గడ్డగాని వేఱు మార్పుగాని లేని స్త్రీలలో రాచపుండు బయటపడువారు నూటికి ఇద్దఱు ముగ్గురిని మించరు. మఱి రొమ్మున గడ్డయు, వీపున నొప్పియు ఒక్కటే యని తోచుట కేమి కారణము? శరీర నిర్మాణమే దీనికి కొంత కారణము. రొమ్మునకు స్పర్శజ్ఞానము నిచ్చు నాడులు వెన్నెముక పైభాగమునుండి బయలుదేఱి, ప్రక్కటెముకల నడుమగా ముందునకు వచ్చుచున్నవి. వెన్నుపూసలవద్ద ఒత్తిడి కలిగినచో ఆ బాధ రొమ్మున తెలియవచ్చును. కాకతీయుల చెఱువుల క్రింద సేద్యము చేయు మన రైతులకు ఇది సులభముగా బోధపడగలదు. తూమువద్ద అడ్డు పడినచో ఎండునది కొసమడి. కొసమడిలో ఎంత త్రవ్వినను ఆ అడ్డు దొరకదు. నొప్పి తెలియుచోటు వేఱు, నొప్పి పుట్టుచోటు వేఱు కావచ్చును.

వీపునొప్పికి, భుజము నొప్పికి కారణములు పెక్కులు. అన్నిటికంటె సామాన్యమైనది శ్రమ. నాట్లు వేయుట, కలుపు తీయుట, పత్తి యేఱుట, నీళ్లు మోయుట, బిడ్డను చంకనెత్తుకొని వంట చేయుట, కొత్తవాడలో మగ్గముపై వంగి జంపఖానా నేయుట, పట్టణములలో దినమంతయు కుర్చీలో కూర్చుండి వ్రాతపని చేయుట, ఇవన్నియు మెడ కండరములను, భుజపు కీలును అలయజేయును. మెడపూసలు అఱిగినచో నొప్పి చేతివెంట దిగును. మధుమేహము కలవారికి భుజపు కీలు బిగుసుకొనిపోవుట తఱచు. రొమ్ములు మిక్కిలి బరువైనవారికి ఆ బరువుచేతనే మెడయు, భుజములును, వీపు పైభాగమును నొచ్చుచుండును. చాల పెద్దదిగా పెరిగిన గడ్డయు అట్టి లాగుడు కలిగింపవచ్చును. పిత్తాశయమున రాళ్లున్నచో క్రొవ్వుగల భోజనము తరువాత కుడి భుజమున నొప్పి కలుగవచ్చును. ఎండ సోకని యింటి స్త్రీలకు డి విటమిను లోపమువలన ఎముకలు మెత్తబడి ఒళ్లంతయు నొచ్చును. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు నీటిచేత వెన్ను బిగుసుకొనిపోయినవారిని చూడనివారు తెలంగాణమున అరుదు. ఇందులో ఒక్కదానికిని రొమ్ములోని చిన్న గడ్డతో సంబంధము లేదు.

అట్లని నొప్పిని తేలికగా కొట్టివేయరాదు. ఛాతీ బిగబట్టి, చెమటలు పట్టి, ఆయాసముతో ఎడమ చేతికో, దవుడకో, వీపునకో ప్రాకు నొప్పి గుండెజబ్బు కావచ్చును. అప్పుడు గడియ సేపయినను ఆగక పెద్దాసుపత్రికి చేరవలెను. రాత్రివేళ విశ్రాంతిలోను తగ్గని వీపునొప్పి, దానితోపాటు జ్వరము, తూకము తగ్గుట, కాళ్ల బలహీనత, మూత్రముపై అదుపు తప్పుట, ఇందేది యున్నను అది శ్రమవలన కలిగిన నొప్పియని ఊరకుండరాదు. పాట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు 1779లో వర్ణించిన వెన్నుక్షయ నేటికిని మన దేశమును విడువలేదు. అది మందులతో కుదురు రోగము. ఆలస్యము చేసినచో కాళ్లు పడిపోవును.

మఱియొక సత్యము దాచరానిది. రొమ్ము రాచపుండు ముదిరినచో ఎముకలకు, అందును వెన్నెముకకు ప్రాకగలదు. ప్రజలలోని భయమునకు ఈ యథార్థమే మూలము. కాని నిరపాయమైన గడ్డ ఎక్కడికిని ప్రాకదు. కావుననే గడ్డ యెట్టిదో ముందుగా తేల్చుకొనవలెను. అది నిరపాయమని తేలిననాడు వీపునొప్పికి దానిని దోషిగా నిలుపుట మాని, నొప్పి కారణమును వేఱుచోట నిశ్చింతగా వెదకవచ్చును. అది రాచపుండని తేలినచో వైద్యుడే వెన్నునొప్పిని గూర్చియు విచారించి తగిన పరీక్షలు చేయించును. తేల్చుకొననంతకాలము రెండు ప్రశ్నలును చీకటిలోనే యుండును.

తేల్చుకొనుటకు మార్గము ముక్కాలి పీట వంటిది. చేతి పరీక్ష మొదటి కాలు. అల్ట్రాసౌండుగాని, వయస్సును బట్టి మామోగ్రామ్ గాని రెండవది. సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూచుట మూడవది. మూడును ఒక్క మాట చెప్పినచో ఆ మాటను నమ్మవచ్చును. ఒకటి భిన్నముగా చెప్పినచో ఇంకను శోధింపవలెను. సూది గుచ్చినచో గడ్డ రేగి రాచపుండుగా మాఱునని మన ప్రజలలో నొక భయము కలదు. సూది నిరపాయమైన గడ్డను రాచపుండుగా మార్చదు. ఆ భయముచేత పరీక్ష మాని, పసరు కట్లు కట్టి, ఉప్పు కాపడములు పెట్టి నెలలు గడిపినవారే నష్టపడుచున్నారు.

నిరపాయమని తేలిన తరువాతను బాధ్యత కొంత కలదు. వైద్యుడు చెప్పిన గడువున మఱల చూపించుకొనవలెను. గడ్డ త్వరగా పెరిగినను, చర్మము లోనికి లాగుకొనినను, నారింజ తొక్కవలె మాఱినను, చనుమొన క్రొత్తగా లోనికి పోయినను, దానినుండి నెత్తురు కాఱినను, చంకలో బిళ్ల కట్టినను, గడువుకొఱకు వేచియుండరాదు. ఫైబ్రోఅడినోమావలెనే తగులుచు వేగముగా పెరుగు ఫిల్లోడిస్ అను గడ్డ యొకటి కలదు. దానిని కోసి తీయవలసినదే.

పల్లెలలో నొప్పి యనగానే సమీపపు ఆర్.ఎం.పి. వద్ద సూదిమందు వేయించుకొనుటయు, దుకాణమున నొప్పిబిళ్లలు కొని దినదినము మ్రింగుటయు ఆచారమైనది. అర్ధరాత్రి పిలిచినను పలుకు ఆ వ్యక్తిని మేము నిందింపము. కాని నొప్పిబిళ్లలు నెలల తరబడి మ్రింగినచో కడుపున పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. అంతకంటె గొప్ప నష్టము వేఱొకటి. బిళ్ల నొప్పిని అణచును గాని కారణమును చెప్పదు. నొప్పి తగ్గినదను తృప్తిలో గడ్డ సంగతియు మఱపున పడిపోవును.

సౌకర్యములు లేవని చెప్పుటకు నేడు ఓరుగల్లువారికి తావు తక్కువ. 1959లో కాకతీయ వైద్య కళాశాల వెలసినది. మహాత్మా గాంధీ స్మారక వైద్యశాల నగరము నడుమనే యున్నది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు పేరిట 1955లో ఏర్పడిన క్యాన్సరు వైద్యశాల బీదలకు ఆధారముగా నున్నది. 30 ఏండ్లు నిండిన స్త్రీలకు శిక్షణ పొందినవారిచేత రొమ్ము పరీక్ష జరుపవలెనని జాతీయ విధానము 2016లో నిర్ణయించినది. తెలంగాణ ప్రభుత్వము 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరిట, మొదట 100 కేంద్రములలో, మంగళవారము నాడు స్త్రీలకే ప్రత్యేకముగా పరీక్షలు జరుపు ఏర్పాటు ప్రారంభించినది. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రపు స్త్రీలు ఆర్టీసీ సాధారణ బస్సులలో రుసుము లేకయే ప్రయాణింప వీలు కలిగినది. త్రోవ ఖర్చు పెద్ద అడ్డంకి కాని దినములలో అడ్డముగా నిలుచున్నది సిగ్గు ఒక్కటే.

చేతి పరీక్షవలన ప్రయోజన మేమని సందేహించువారికి బొంబాయి నిదర్శనము చాలును. అచ్చటి టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ప్రారంభించి, 35 మొదలు 64 ఏండ్ల వయస్సు గల 1,51,538 మంది స్త్రీలతో దీర్ఘకాల పరిశోధన జరిపిరి. వారిలో ఒక సగభాగమునకు శిక్షణ పొందిన స్త్రీ కార్యకర్తలు రెండేండ్ల కొకసారి చేతితో పరీక్ష చేసిరి. 2021లో ప్రకటితమైన ఫలితము ప్రకారము, పరీక్ష పొందిన వర్గమున రోగము ముందుదశలోనే బయటపడినది. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గినవి. అంతకు చిన్నవారిలో అట్టి తగ్గుదల కనబడలేదని కూడ వారు నిజాయితీతో తెలిపిరి. మన తెలుగునాట డాక్టరు పి. రఘురామ్ గారు, రాచపుండును జయించిన తన తల్లి ఉషాలక్ష్మిగారి పేరిట 2007లో సంస్థ నెలకొల్పి, పల్లె స్త్రీలకు ఇట్టి పరీక్షలే జరిపించిరి. తల్లికి కలిగిన వ్యాధిని దాచుటకు మాఱుగా దానినే లోకోపకారమునకు పునాదిగా చేసిన కుమారుని దృష్టాంతము మన ముందున్నది.

ఇందు వైద్యులకును మా మనవి యొకటి కలదు. పరీక్ష ముగిసి చీటీ చేతికి వచ్చును. దానిలోని ఆంగ్ల పదములు రోగికి తెలియవు. ట్యూమర్ అను ఒక్క మాట మాత్రము చెవిని పడును. ఆ మాటకు గడ్డ యనియే అర్థమనియు, దానికి ముందున్న పదము నిరపాయమని చెప్పుచున్నదనియు తెలుగులో రెండు వాక్యములు చెప్పినచో ఆమె ఆ రాత్రి నిద్రించును. తెలుగు గ్రంథము చదువుటయే కష్టమైన నిజాము కాలమున, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. ప్రజల పలుకుబడికై జీవితమంతయు వాదించిన కాళోజీ నారాయణరావుగారి పేరనే రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయము ఓరుగల్లులో నెలకొనియున్నది. ఆ పేరు గోడమీద నున్న చాలదు. రోగి చేతి చీటీలోను ఆ స్ఫూర్తి కనబడవలెను. గడ్డ యెట్టిది, మఱల ఎప్పుడు రావలెను, ఏ మార్పు కనబడినచో వెంటనే రావలెను అను మూడు సంగతులు తెలుగున వ్రాసి యిచ్చుటకు ఎంత కాలము పట్టును?

తుదకు పత్రికను చదువు గృహస్థులతో రెండు మాటలు. 2022 గణన ప్రకారము మన దేశమున ఆ యొక్క సంవత్సరమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు కలిగినది. సుమారు 98,000 మంది దానిచేత మరణించిరి. ఆలస్యముగా వచ్చుట ఇన్ని మరణములకు ముఖ్యకారణములలో నొకటి. ఆ ఆలస్యము ఆసుపత్రి వాకిట కాదు, మన యింటి వాకిటనే మొదలగుచున్నది. పంటకు పురుగు పట్టినదని తెలిసిన మఱునాడే పట్టణమునకు పోవు రైతు, ఇల్లాలి గడ్డకు పంట చేతికి వచ్చువఱకు గడువు పెట్టుచున్నాడు. ఎద్దు కుంటినచో పని మాన్పించు ఆసామి, కూలి స్త్రీ భుజము లేవకున్నను ఆ దినపు కూలి కోతకు లెక్క చూచుచున్నాడు. ఇది న్యాయమేనా?

భార్యను, కుమార్తెను, వదినను, పొలమున పనిచేయు స్త్రీని నేరుగా అడుగుటకు మీకు సంకోచమైనచో ఇంటి పెద్దావిడచేత అడిగింపుడు. గడ్డ యున్నదని చెప్పినచో భయపెట్టకుడు. ఏమియు లేదని త్రోసిపుచ్చకుడు. ఈ వారమే ఆమెను పరీక్షకు పంపుడు. ఆ దినపు కూలిని కోయకుడు. నొప్పి యున్నదని చెప్పినచో పనికి దొంగతనమని నిందింపక, దాని కారణమును వేఱుగా వెదకింపుడు. పదిమందిలో ఎక్కువమంది నవ్వుముఖముతో తిరిగి వత్తురు. మిగిలిన ఒకరిద్దఱు, సకాలమున వెళ్లినందున, బ్రదికి తిరిగి వత్తురు. ఇంతటి లాభము మఱి ఏ పంటలోనున్నది?